పొరలు విడిపోయే చర్మం: ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా, దాని చికిత్స

మానవ శరీరాన్ని కప్పి ఉంచే చర్మం ఒకే పొర కాదు. వెలుపల కనిపించే పలుచని బాహ్యచర్మం, దాని అడుగున రక్తనాళాలు, నాడులు, దృఢమైన తంతువులు నిండిన మందపాటి అంతశ్చర్మం ఒకదానినొకటి గట్టిగా అంటిపెట్టుకుని ఉండడం వల్లనే, బరువులెత్తినా, మైళ్లకొద్దీ నడిచినా, తువ్వాలుతో ఒళ్లు తుడుచుకున్నా చర్మం చెక్కుచెదరకుండా నిలుస్తుంది. ఈ రెండు పొరలనూ పట్టి ఉంచే ఏర్పాటు పుట్టుకతోనే లోపించినవారిలో చిన్నపాటి ఒరిపిడి సైతం పై పొరను కింది పొర నుంచి వేరు చేస్తుంది. ఆ ఖాళీలోకి ద్రవం చేరి పొక్కు లేస్తుంది. పొక్కు చితికిన చోట పచ్చి పుండు మిగులుతుంది. ఈ జన్యువ్యాధి పేరు ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా, అంటే బాహ్యచర్మం విడివడి బొబ్బలు కట్టడం. వైద్యులు దీనిని క్లుప్తంగా ఈబీ అంటారు. జర్మన్ చర్మవైద్యుడు హైన్రిఖ్ కోబ్నర్ 1886లో ఈ పేరు పెట్టాడు. అమెరికాలో ఏళ్ల తరబడి నిర్వహించిన జాతీయ నమోదు పట్టిక ప్రకారం ప్రతి 10 లక్షల జననాలలో సుమారు 20 మంది శిశువులు ఈ వ్యాధితో పుడుతున్నారు.

చర్మపు పొరల మధ్య ఉండే పట్టు ఎలాంటిదో తెలిస్తే వ్యాధిలోని రకాలు, చికిత్స దిశ రెండూ సులభంగా అర్థమవుతాయి. బాహ్యచర్మంలో అట్టడుగు వరుస కణాల లోపల కెరటిన్ 5, కెరటిన్ 14 అనే ప్రోటీన్లు అల్లుకుని ఆ కణాలకు బలమైన చట్రంగా ఏర్పడతాయి. ఆ కణాల కింద ఆధార పొర అనే అతి సన్నని ప్రోటీన్ల పొర ఉంటుంది. కణాలు దానిని అంటిపెట్టుకోవడానికి తోడ్పడే ప్రోటీన్లలో లామినిన్ 332 ముఖ్యమైనది. ఆధార పొర నుంచి అంతశ్చర్మంలోకి దిగి అక్కడి తంతువులను పెనవేసుకునే లంగరు తంతువులు కొలాజెన్ 7 అనే ప్రోటీనుతో తయారవుతాయి. బొంతలో పై గుడ్డను, కింది గుడ్డను, నడుమ పరిచిన పాత చీరలను కలిపి ఉంచే కుట్లు చేసే పనినే ఈ ప్రోటీన్లు చర్మంలో చేస్తాయి. ఏ వరుస కుట్లు లేకపోతే బొంత అక్కడే విడిపోయినట్లు, ఏ ప్రోటీను లోపిస్తే చర్మం సరిగ్గా ఆ మట్టంలోనే చీలుతుంది.

చీలిక ఏర్పడే ఈ మట్టాన్ని బట్టే ఈబీని నాలుగు ప్రధాన రకాలుగా విభజించారు. అట్టడుగు వరుస కణాలే చిట్లితే అది సింప్లెక్స్ రకం. రోగులలో అత్యధికులు ఈ కోవకు చెందినవారే. కెరటిన్ 14 జన్యువులోని లోపమే దీనికి ఒక కారణమని 1991లో షికాగో విశ్వవిద్యాలయంలో ఎలైన్ ఫ్యూక్స్ బృందం నిరూపించింది. ఈ రకంలో పలువురికి పొక్కులు అరచేతులకు, అరికాళ్లకే పరిమితమవుతాయి, మచ్చలు అంతగా మిగలవు, ఆయుర్దాయం తగ్గదు. అయితే ఎండ, చెమట, నడక కలిసినప్పుడు బాధ పెచ్చుమీరుతుంది కనుక తెలుగునాట వేసవి వీరికి కఠిన పరీక్ష అవుతుంది. ఆధార పొరలోనే చీలిక వస్తే అది జంక్షనల్ రకం. లామినిన్ 332 పూర్తిగా లోపించిన శిశువులు చాలామంది రెండేళ్లు నిండకముందే మరణిస్తారు. కొలాజెన్ 7 లోపిస్తే చీలిక ఆధార పొరకు దిగువన ఏర్పడుతుంది. దీనిని డిస్ట్రోఫిక్ రకం అంటారు. ఒకటికి మించిన మట్టాలలో చీలిక కనిపించే కిండ్లర్ రకం అన్నింటికన్నా అరుదు.

వీటిలో డిస్ట్రోఫిక్ రకపు తీవ్ర రూపం విపులంగా చెప్పుకోదగినది, ఎందుకంటే పరిశోధకుల శ్రమలో పెద్ద భాగం దాని చుట్టూనే సాగింది. ఈ వ్యాధి ఉన్న పిల్లలలో పొక్కు మానిన ప్రతిచోటా మచ్చ కడుతుంది, ఆ మచ్చ మీదనే మళ్లీ పొక్కు లేస్తుంది, ఈ చక్రం ఆగకుండా తిరుగుతూ ఉండడంతో కాలక్రమంలో చేతివేళ్లు ఒకదానితో ఒకటి అతుక్కుపోయి పిడికిలి ఒక సంచిలో మూసుకుపోయినట్లవుతుంది. నోరు, అన్నవాహిక, మలద్వారం, కంటిపొర సైతం ఇదే తీరున దెబ్బతింటాయి. అన్నవాహిక సన్నబడి మింగడం కష్టమవుతుంది. పుండ్ల నుంచి ప్రోటీను, ఇనుము నిరంతరం కారిపోవడంతో పిల్లలు ఎదగరు, రక్తహీనత వెంటాడుతుంది. సీతాకోకచిలుక రెక్కంత సున్నితమైన చర్మం గలవారన్న భావంతో పాశ్చాత్య దేశాలలో వీరిని సీతాకోకచిలుక పిల్లలు అని పిలుస్తారు. ఆ పిలుపు ఎంత ముద్దుగా వినిపించినా, పొద్దున లేచింది మొదలు కట్లు విప్పి, కడిగి, తిరిగి కట్టడంలోనే గంటలు గడిచిపోయే ఆ కుటుంబాల దినచర్యను అది కొంత మరుగుపరుస్తుందని కూడా చెప్పవలసి ఉంది.

ఈబీ అంటువ్యాధి కాదు. ఈ పిల్లలను ఎత్తుకున్నా, పక్కన కూర్చున్నా, కలిసి తిన్నా ఇతరులకు సోకదు. ఒంటినిండా పొక్కులు చూసి అమ్మవారు పోసిందని కొందరు, కుష్ఠు అని మరికొందరు దూరం జరగడం వల్ల పిల్లలు బడికి, బంధువుల ఇళ్లలో శుభకార్యాలకు దూరమవుతారు. గ్రహణం నాడు గర్భిణి బయటికి రావడం, కూరగాయలు కోయడం వంటివాటికి దీనితో ఏ సంబంధమూ లేదు. లోపం జన్యువులో ఉంది. సింప్లెక్స్ రకం సాధారణంగా బహిర్గత పద్ధతిలో, అంటే తల్లిదండ్రులలో ఒక్కరి నుంచి లోపభూయిష్టమైన జన్యువు ఒక్కటి సంక్రమించినా వ్యాధి బయటపడే పద్ధతిలో వస్తుంది. జంక్షనల్ రకం, తీవ్రమైన డిస్ట్రోఫిక్ రకం అంతర్గత పద్ధతిలో వస్తాయి. అంటే తల్లి, తండ్రి ఇద్దరూ ఏ లక్షణమూ లేకుండానే లోపం గల జన్యువు ఒక్కొక్కటి మోస్తుంటారు, ఆ రెండూ బిడ్డలో కలిసినప్పుడే వ్యాధి వస్తుంది, ప్రతి కాన్పులోనూ ఆ అవకాశం నూటికి 25 పాళ్లు ఉంటుంది.

ఈ లెక్క తెలుగువారికి దగ్గరి సంబంధం గలది. మేనమామ, మేనకోడలు పెళ్లాడినప్పుడు ఒకే పూర్వికుని నుంచి వచ్చిన ఒకే జన్యువు రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం ఎనిమిదింట ఒక వంతు, మేనబావ, మేనమరదళ్ల విషయంలో పదహారింట ఒక వంతు. మేనరికపు పెళ్లిళ్లు అధికంగా జరిగిన ప్రాంతాలలో అంతర్గత పద్ధతిన వచ్చే అరుదైన వ్యాధులు తరచు కనిపించడానికి కారణం ఇదే. అయితే మేనరికం చేసుకున్న దంపతులలో అధికులకు ఆరోగ్యవంతులైన బిడ్డలే పుడతారు. బయటి సంబంధం చేసుకున్నవారికీ ఈ వ్యాధి గల బిడ్డ పుట్టవచ్చు. కనుక బిడ్డ పుట్టగానే తల్లి వంశాన్నో, ఆమె నోచిన నోమునో తప్పుపట్టడం అన్యాయం మాత్రమే కాదు, శాస్త్రరీత్యా అసత్యం. అంతర్గత వ్యాధిలో తల్లి పాలు ఎంతో తండ్రి పాలూ అంతే.

తీవ్రమైన ఈబీ చాలామందిలో పుట్టిన తొలి గంటలలోనే బయటపడుతుంది. కొందరు శిశువులు కాలి మీదనో, పాదం మీదనో చర్మం లేకుండానే పుడతారు. ఆ గంటలలో ప్రసూతి వార్డులో తెలిసీ తెలియక జరిగే మామూలు పనులే శిశువుకు అత్యధిక హాని చేస్తాయి. పుట్టిన బిడ్డను గుడ్డతో గట్టిగా తుడవడం, చంకల కింద చేతులు వేసి పైకెత్తడం, మణికట్టుకు పేరు పట్టీ బిగించడం, సెలైన్ సూదిని నిలిపేందుకు ప్లాస్టరు అంటించడం, బొడ్డుతాడుకు ప్లాస్టిక్ క్లిప్పు పెట్టడం, ఇవన్నీ చర్మాన్ని ఒలిచేస్తాయి. క్లిప్పుకు బదులు మెత్తని దారంతో బొడ్డు కట్టాలి. పేరు పట్టీని బట్టలకు తగిలించాలి. ఏ రూపంలోనూ జిగురు చర్మానికి తగలకూడదు, తగిలితే పీకకుండా సిలికోన్ ఆధారిత ద్రావకంతోగాని, వాజలిన్‌తోగాని నెమ్మదిగా వదిలించాలి. బిడ్డను మెత్తని పలుచని పరుపు మీద ఉంచి, పరుపుతో సహా ఎత్తాలి. నెలలు నిండిన బిడ్డ అయితే, ఇతర కారణాలు లేనప్పుడు, వేడి పెట్టెలో ఉంచకపోవడమే మంచిది, ఎందుకంటే వేడి, తేమ పొక్కులను పెంచుతాయి.

ఇంటికి వచ్చిన తరువాత తెలుగింటి ఆచారాలలో కొన్నింటిని మార్చుకోక తప్పదు. నూనె మర్దించి, నలుగు పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని లాలపోయడం తరతరాలుగా ఆప్యాయతతో జరిగే పని. కానీ ఈ బిడ్డ విషయంలో ఆ రుద్దుడు ఒళ్లంతా పచ్చిపుండు చేస్తుంది. మొలతాడు, దిష్టితాడు, కడియాలు, గాజులు ఒరుసుకునే చోటల్లా పొక్కులు వస్తాయి. చొక్కాలను కుట్లు బయటికి వచ్చేలా తిరగేసి తొడగడం, బొత్తాలకు బదులు వదులైన ముడులు వాడడం, లంగోటీ అంచున మెత్తని గుడ్డ మడిచి పెట్టడం వంటి చిన్న ఏర్పాట్లు పెద్ద ఉపశమనమిస్తాయి. పొక్కుల మీద పసుపు, ఆకు పసర్లు, తెలియని లేపనాలు పూయకూడదు. వీటన్నింటి నడుమ తల్లి బిడ్డను ఎత్తుకోవడానికే భయపడుతుంది. సరైన పద్ధతి నేర్పితే ఆమె నిశ్చింతగా ఎత్తుకోగలదు, పాలివ్వగలదు, ఆ స్పర్శ బిడ్డకు కట్లతో సమానంగా అవసరం. పెదవులకు, తల్లి చనుమొనలకు కొద్దిగా వాజలిన్ రాస్తే పాలు తాగేటప్పుడు ఒరిపిడి తగ్గుతుంది.

చూపుతోనే రకాన్ని నిర్ధారించడం అనుభవజ్ఞులకు కూడా సాధ్యం కాదు. పుట్టిన వారంలో అన్ని రకాలూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే అప్పుడే లేచిన పొక్కు అంచు నుంచి చిన్న చర్మపు ముక్క తీసి, ప్రతి ప్రోటీనును గుర్తించే ప్రతిదీప్తి రంగులతో పరీక్షించి, ఏ మట్టంలో చీలిక ఉందో, ఏ ప్రోటీను కనిపించడం లేదో తెలుసుకుంటారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కూడా ఇందుకు ఉపకరిస్తుంది. ఇప్పుడు రక్తం నుంచి నేరుగా జన్యుపరీక్ష చేయడం ప్రధాన మార్గంగా మారింది. ఈ నిర్ధారణ కాగితం మీద పేరు రాసుకోవడానికి మాత్రమే కాదు. బిడ్డ భవిష్యత్తు, తరువాతి కాన్పు, పొందగల చికిత్స అన్నీ దాని మీదనే ఆధారపడతాయి.

నిత్య చికిత్సలో మొదటి సూత్రం, పొక్కును పెరగనివ్వకపోవడం. ఈబీ పొక్కుకు దానంతటది ఆగే స్వభావం లేదు; లోపలి ద్రవపు ఒత్తిడికి అంచులు విడిపోతూ అది వెడల్పవుతూనే ఉంటుంది. కనుక శుభ్రపరచిన సూదితో పొక్కును కింది అంచున గుచ్చి, ద్రవాన్ని మెల్లగా బయటికి పోనిచ్చి, పైచర్మాన్ని మాత్రం తీయకుండా పుండుకు కప్పుగా ఉంచాలి. దాని మీద చర్మానికి అంటుకోని సిలికోన్ పొర గల డ్రెస్సింగ్ పరచి, పైన మెత్తని దూది పొర, ఆపైన వదులుగా గాజుగుడ్డ చుట్టి, జిగురు లేకుండా గొట్టపు బ్యాండేజీతో నిలపాలి. సిలికోన్ డ్రెస్సింగ్ అందుబాటులో లేనిచోట వాజలిన్ దట్టంగా పట్టించిన గాజుగుడ్డను వాడతారు. ఎండి అతుక్కుపోయిన గుడ్డను లాగితే మానుతున్న చర్మం దానితోపాటు ఊడివస్తుంది. గోరువెచ్చని నీటిలో నాననిచ్చాకే విప్పాలి. ఉప్పు కలిపిన నీళ్లలో స్నానం నొప్పిని తగ్గిస్తుంది. సూక్ష్మజీవులు పెరిగిన పుండ్లకు వైద్యుడు చెప్పిన మోతాదులో బాగా పలుచన చేసిన బ్లీచింగ్ ద్రావణంతోనో, వెనిగర్‌తోనో స్నానం చేయిస్తారు. కట్లు మార్చే ముందు నొప్పి తగ్గించే మందు ఇవ్వడం అనవసరమైన గారాబం కాదు, చికిత్సలో అంతర్భాగం.

ఇంగ్లండులో 1978లో ఫిలిస్ హిల్టన్ అనే తల్లి, ఈబీతో పుట్టిన కుమార్తె డెబ్రా పేరనే ఒక సంఘం స్థాపించింది. ఆ పేరుతోనే సంఘాలు ఇప్పుడు భారతదేశంతో సహా అనేక దేశాలలో ఉన్నాయి. ఈ వ్యాధి సంరక్షణలో ప్రసిద్ధమైన మెళకువలలో కొన్ని ప్రయోగశాలల కన్నా ముందు ఇళ్లలో, తల్లుల చేతులలో రూపుదిద్దుకున్నవే.

ఆహారం విషయంలో రోగికి మామూలు పిల్లల కన్నా ఎక్కువ శక్తి, ప్రోటీను కావాలి, కానీ నోరు, గొంతు అందుకు సహకరించవు. జంతికలు, చేగోడీల వంటి గట్టి పదార్థాలు, మండే వేడి, కారం పొక్కులు తెస్తాయి. మెత్తగా చేసిన పప్పన్నం, పెరుగన్నం, చల్లార్చిన రాగి జావ, ఉడికించి చిదిపిన గుడ్డు, నెయ్యి బాగా కలిపిన ముద్దలు అనుకూలం. మింగడం బాగా కష్టమైతే, చిన్న బెలూనును అన్నవాహికలోకి దించి ఇరుకైన చోట మెల్లగా వెడల్పు చేస్తారు. అప్పటికీ చాలకపోతే పొట్ట మీద నుంచి నేరుగా జీర్ణాశయంలోకి గొట్టం అమరుస్తారు. మలబద్ధకాన్ని నిర్లక్ష్యం చేయకూడదు, ఎందుకంటే విసర్జన నొప్పికి భయపడి పిల్లలు తినడమే మానేస్తారు. అతుక్కుపోయిన వేళ్లను శస్త్రచికిత్సతో విడదీయవచ్చు గాని, అవి కొన్ని సంవత్సరాలలో మళ్లీ అతుక్కుంటాయి. చిన్ననాటి నుంచే ప్రతి వేలికీ విడివిడిగా కట్టు కట్టడం ఆ స్థితిని వెనక్కి నెడుతుంది.

తీవ్రమైన డిస్ట్రోఫిక్ రకంలో యౌవనంలో ఎదురయ్యే పెద్ద ప్రమాదం చర్మ క్యాన్సర్. ఏళ్ల తరబడి మానని పుండ్లలో స్క్వేమస్ కణ క్యాన్సర్ పుడుతుంది, అది ఈ రోగులలో అసాధారణ వేగంతో వ్యాపిస్తుంది. అమెరికా నమోదు పట్టిక ప్రకారం 55 ఏళ్లు వచ్చేసరికి ఈ రకం రోగులలో నూటికి 90 మందికి ఈ క్యాన్సర్ సోకే అవకాశం ఉంది, మరణాలకు అదే ప్రధాన కారణం. నెలల తరబడి మానని, గడ్డకట్టి ఎత్తుగా పెరిగే, తీరు మారిన నొప్పి గల పుండు ఏదైనా కనిపిస్తే వెంటనే ముక్క పరీక్ష చేయించాలి.

మూలాన్ని సరిచేసే చికిత్స వైపు సాగిన ప్రయాణం 1975లో మొదలైంది. అమెరికాలో జేమ్స్ రైన్‌వాల్డ్, హోవర్డ్ గ్రీన్ మానవ బాహ్యచర్మ కణాలను ప్రయోగశాలలో పొరలుగా పెంచే పద్ధతి కనుగొన్నారు. ఆ పద్ధతి మొదట కాలిన గాయాలకు ఉపయోగపడింది. ఇటలీలోని మోడెనాలో మికేలే దె లూకా బృందం ఒక అడుగు ముందుకు వేసి, జంక్షనల్ ఈబీ రోగి నుంచి తీసిన చర్మ మూలకణాలలోకి సరైన జన్యువును చేర్చి, వాటిని పొరలుగా పెంచి, ఆ రోగి తొడలకే అతికి, అక్కడ పొక్కులు రాని చర్మం నిలిచిందని 2006లో ప్రకటించింది. ఆ పని విస్తృతి 2015లో జర్మనీలోని బోఖుమ్ నగరంలో రుజువైంది. సిరియా నుంచి శరణార్థిగా వచ్చిన, ఇదే వ్యాధి గల ఏడేళ్ల బాలుడు సూక్ష్మజీవుల దాడికి గురై, శరీరపు బాహ్యచర్మంలో దాదాపు 80 శాతం కోల్పోయి మృత్యుముఖంలో ఉండగా, వైద్యులు అతని గజ్జ నుంచి నాలుగు చదరపు సెంటీమీటర్ల మంచి చర్మం తీసి మోడెనాకు పంపారు. అక్కడ జన్యువును సరిదిద్ది పెంచిన చర్మపు పొరలను శస్త్రచికిత్సలలో దశలవారీగా ఒళ్లంతా కప్పారు. బాలుడు కోలుకుని బడికి వెళ్లాడు. ఐదేళ్ల తరువాత పరిశీలించినప్పుడు కూడా కొత్త చర్మం దృఢంగానే ఉంది. బాహ్యచర్మం సుమారు నెలకొకసారి పూర్తిగా కొత్తదవుతుంది కనుక, అంతకాలం నిలవడమంటే సరిచేసిన మూలకణాలు కొద్ది సంఖ్యలోనే అయినా అక్కడ నివాసమేర్పరచుకుని నిరంతరం చర్మాన్ని పుట్టిస్తున్నాయన్నమాట. చర్మం ఎలా పునరుత్పత్తి అవుతుందన్న మౌలిక ప్రశ్నకు ఈ చికిత్సే ఒక సమాధానమైంది.

డిస్ట్రోఫిక్ రకానికి దారి వేరుగా దొరికింది. కొలాజెన్ 7 జన్యువు చాలా పొడవైనది. జన్యుచికిత్సలో సాధారణంగా వాడే చిన్న వైరస్‌లలో అది పట్టదు. నోటి అంచున పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ మాత్రం పెద్ద జన్యువులను మోయగలదు, చర్మంలోకి సులభంగా ప్రవేశించగలదు, శరీరపు రక్షణ వ్యవస్థ నుంచి తప్పించుకోగలదు. పిట్స్‌బర్గ్‌లోని క్రిస్టల్ బయోటెక్ సంస్థ ఆ వైరస్‌లో వృద్ధి చెందే గుణాన్ని తొలగించి, కొలాజెన్ 7 జన్యువును చేర్చి, పుండు మీద చుక్కలుగా వేసే జెల్ తయారు చేసింది. 31 మంది రోగులపై, ఒకే వ్యక్తిలోని రెండు పుండ్లను పోల్చి చేసిన పరీక్షలో ఆరు నెలలకు జెల్ వేసిన పుండ్లలో 67 శాతం పూర్తిగా మానగా, మందు లేని జెల్ వేసినవాటిలో 22 శాతం మాత్రమే మానాయి. వైజువెక్ పేరుతో 2023 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి అనుమతినిచ్చింది. చొప్పించిన జన్యువు కణపు క్రోమోజోములలో కలిసిపోదు కనుక ప్రమాదం తక్కువ. అదే కారణాన ఫలితం శాశ్వతం కాదు, వారం వారం తిరిగి వేయవలసి వస్తుంది. ఇదే మందును కంటిచుక్కలుగా వాడి, మచ్చలతో మూసుకుపోయిన ఒక బాలుని చూపును అమెరికా వైద్యులు తిరిగి తెప్పించారు. రోగి సొంత కణాలను సరిదిద్ది పొరగా అతికే జెవాస్కిన్ అనే చికిత్సకు 2025 ఏప్రిల్‌లో అనుమతి లభించింది. బర్చ్ చెట్టు బెరడు నుంచి తీసిన పదార్థంతో తయారైన ఫిల్సువెజ్ అనే జెల్‌కు ఐరోపాలో 2022లో, అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది; అది జన్యువును మార్చదు, పుండు మానడాన్ని త్వరితం చేస్తుంది.

వైజువెక్ వాడకానికి ఒక రోగికి ఏడాదికి 6 లక్షల డాలర్లకు పైగా ఖర్చవుతుందని అంచనా. ఆ ధర దిగివచ్చే వరకు భారతీయ కుటుంబాలకు ఆధారం సరైన నిర్ధారణ, సరైన కట్లు, సరైన ఆహారమే. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన కేంద్రాలలో హైదరాబాదులోని డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఒకటిగా ఉన్నాయి. జన్యు సలహా కోరే తెలుగు కుటుంబాలకు అది అందుబాటులో ఉన్న చోటు. వ్యాధి గల బిడ్డలోని జన్యులోపం ముందుగానే గుర్తించి ఉంటే, తల్లి మళ్లీ గర్భం దాల్చినప్పుడు 11, 12 వారాలలోనే మావి నుంచి చిన్న నమూనా తీసి పరీక్షించవచ్చు. అందువల్ల బిడ్డ బతికే ఆశ లేదని తేలిన సందర్భంలో సైతం, తల్లిదండ్రుల అనుమతితో కొద్దిపాటి రక్తం సేకరించి డీఎన్ఏ భద్రపరచడం వైద్యుల బాధ్యత. ఆ నమూనా లేకపోతే తరువాతి కాన్పులో ఏ లోపం కోసం వెతకాలో తేల్చడం చాలా కష్టమవుతుంది. జిల్లా ఆసుపత్రులలోని నవజాత శిశు విభాగాలలో అంటుకోని డ్రెస్సింగ్‌లు కొన్ని, మెత్తని గొట్టపు బ్యాండేజీలు కొన్ని నిల్వ ఉంచడం, ఇటువంటి బిడ్డ పుట్టినప్పుడు తొలి గంటలలో ఏమి చేయకూడదో నర్సులకు ఒక పూట శిక్షణ ఇవ్వడం ఏ ప్రభుత్వానికీ భారం కాదు. బిడ్డను హైదరాబాదుకు చేర్చేలోగా వీపు మీద, మడమల మీద ఎంత చర్మం మిగులుతుందన్నది ఆ కొద్ది ఏర్పాట్ల మీదనే ఆధారపడి ఉంటుంది.